దీపాలవేళ హాజరు

నా భార్య మాణిక్యం పోయిన పన్నెండో రోజున ప్రార్థన కూటం అయ్యాక మా అత్తగారు మణెమ్మగారు మా అమ్మాయి సరోజ బట్టలు ట్రంకు పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. నన్ను అడగలేదు. నేను వాకిట్లో నిలబడి, కూటానికి తెచ్చిన బడి బెంచీలు లెక్కపెట్టుకుంటున్నాను. ఎనిమిది తెచ్చాం, ఏడే కనిపిస్తున్నాయి. ఎనిమిదో దాని మీద షంషుద్దీన్ మేష్టారు కూర్చుని ఉన్నారు. అది చూసుకున్నాక లోపలికి వెళ్ళాను.

"ఏం చేస్తున్నారండీ అత్తయ్యగారూ?"

"పిల్లని పెంటపాడు తీసుకెళ్తున్నానండీ."

"దానికి బడి ఉందండీ."

"పెంటపాడులోనూ ఉందండీ. మీ బడికంటే పెద్దది. గోడలు కూడా ఉన్నాయి."

మా బడికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగో గోడ కిందటి తుఫానులో పడిపోయింది. దాని గురించి ఏలూరుకి అయిదు ఉత్తరాలు రాశాను.

గువ్వలంక కొల్లేటి మధ్య ఉన్న ఊరు. అక్కడి మిషన్ బడికి నేను హెడ్మాస్టర్ని. అయిదు తరగతులకు ఇద్దరం, నేనూ షంషుద్దీన్ మేష్టారూ. పొద్దున్నే దోనె వేసుకుని చుట్టుపక్కల చేపలవాళ్ళ పాకలకు వెళ్ళి పిల్లల్ని ఎక్కించుకు రావడం నా పని. సాయంత్రం గంట కొట్టాక పిల్లల్ని వాళ్ళవాళ్ళే వచ్చి తీసుకుపోతారు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి, రాని పిల్లలు ఎందుకు రాలేదో కనుక్కోవడం కూడా నా పనే. ఇది కాక ఊరి పోస్టాఫీసు నా దగ్గర ఉంది. మంగళ, గురు, శనివారాల్లో ఏలూరు నుంచి పడవలో సంచి వస్తుంది. ఎన్నింటికి వస్తుందన్నది పడవవాడి ఇష్టం. క్వినైను మాత్రల పెట్టె నా దగ్గరే ఉంది. పాస్టరుగారు రాని ఆదివారాల్లో వాక్యం చదివేదీ నేనే. ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాసేదీ నేనే. ఇవేవీ నా మీద ఎవరూ రుద్దలేదు. ఒక్కొక్కటే వచ్చింది, నేను కాదనలేదు.

మాణిక్యం ఉన్నప్పుడు నేను ఎన్నింటికి వచ్చినా ఇల్లు ఇల్లుగానే ఉండేది. అందువల్ల నేను ఎన్నింటికి వస్తున్నానో గమనించవలసిన అవసరం రాలేదు.

మణెమ్మగారు పెంటపాడు చుట్టుపక్కల ఊళ్ళలో పాతికేళ్ళు ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిల్ స్త్రీగా తిరిగిన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదండీ అల్లుడుగారూ" అన్నారు, సరోజ పరికిణీ మడతపెడుతూ. "మీరు మంచివారని ఊరంతా అంటోంది. ఊరంతా మంచివారనేవాళ్ళు ఇంట్లో ఉండరండీ. మీ మామగారూ అంతే."

"సరోజ నా దగ్గరే ఉండాలండీ" అన్నాను.

"ఉండనివ్వండి. మీరూ ఉండండి మరి. దీపాలు పెట్టే వేళకి మీరు ఇంట్లో ఉంటే పిల్ల మీ దగ్గర ఉన్నట్టు. లేకపోతే పక్కింటి కనకమ్మ దగ్గర ఉన్నట్టు. కనకమ్మ దగ్గర ఉండే పిల్ల నా దగ్గర ఉంటే నష్టమేంటండీ?"

"ఉంటానండీ."

"ఎవరు చూడొచ్చారు?"

"నా మాట మీద నమ్మకం లేదాండీ?"

"ఉందండీ. మీరు అబద్ధం ఆడరు. కాని ఏడింటికి వచ్చి అయిదింటికే వచ్చాననుకుంటారు. మాణిక్యం చెప్పేది."

సరోజ గుమ్మంలో నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళది, నాలుగో తరగతి. తల్లి పోయినప్పటి నుంచి ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ నోటి వంకే చూస్తోంది.

"రిజిస్టరు పెడదామండీ" అన్నాను.

ఇంకెవరైనా నవ్వేవారు. మణెమ్మగారు పెట్టె మూత వేసి, ఎలాగో చెప్పమన్నారు. చెప్పాను. సెప్టెంబరు ఒకటి నుంచి నవంబరు ముప్పై దాకా తొంభై ఒక్క రోజులు. దీపాలవేళకి నేను ఇంట్లో ఉంటే ఒక గీత, లేకపోతే సున్న. నూటికి డెబ్బై అయిదు వస్తే పిల్ల నా దగ్గర ఉంటుంది. రాకపోతే డిసెంబరులో వచ్చి తీసుకెళ్తారు.

"అంటే రూపాయికి పన్నెండణాలు" అన్నారు ఆవిడ. "రాసేదెవరు?"

"నేను రాస్తాను అమ్మమ్మా" అంది సరోజ. ఆ రోజంతటికీ అది ఆడిన మాట అదొక్కటే.

మర్నాడు, బడి పుస్తకం ఇంటికి వాడకూడదు కనుక మామూలు నోటుబుక్కు తీసి నేనే గళ్ళు గీశాను. తేదీ, హాజరు, రిమార్కులు. సరోజకి నియమాలు చెప్పాను. ఏ రోజుది ఆ రోజే వెయ్యాలి. చెరపకూడదు. కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. రిజిస్టరు నిండిన తర్వాత కూడా అయిదేళ్ళు భద్రంగా ఉంచాలి.

"దొంగ హాజరు వేస్తే?" అని అడిగింది.

"ఉద్యోగం పోతుంది" అన్నాను.

ఆ సంగతి దానికి కొత్త కాదు. కిందటేడు షంషుద్దీన్ మేష్టారు, చేపలు పట్టడానికి పోయిన ఏసుబాబు పిల్లలు ముగ్గురికీ నెల రోజులపాటు హాజరు వేశారు. నేను పట్టుకున్నాను. రోజూ రాసే రిజిస్టరులో ఒకరోజు సిరా పల్చగా, ఒకరోజు చిక్కగా ఉంటుంది. పాళీ మారుతుంది. వాన రోజున కాగితం చెమర్చి అక్షరం పాకుతుంది. ఒక్కసారి కూర్చుని రాసినది అంతా ఒకే తీరున ఉంటుంది. ఇదంతా మా అరుగు మీదే ఆయనకి వివరించి సంజాయిషీ రాయించాను. ఆయన రాశారు. "పిల్లలు చేపల దగ్గర సుఖంగా ఉన్నారని తెలిసి హాజరు వేశాను" అని రాశారు. దాన్ని మార్చి రాయించవలసి వచ్చింది.

సెప్టెంబరులో ముప్పై రోజులకి పదకొండు గీతలు వచ్చాయి.

కారణాలు ఉన్నాయి. కొల్లేరు నిండుగా ఉంది. పోస్టు పడవ ఆలస్యమయ్యేది. పిల్లలు బడి మానడం ఎక్కువైంది. నేను కారణాలు చెబుతుంటే సరోజ వినేది, తర్వాత సున్న వేసేది. మూడో వారంలో ఒక రోజు, ఓ.డి. అని ఒక పద్ధతి ఉందని దానికి చెప్పాను. బడి పని మీద మేష్టరు ఏలూరు వెళితే అతనికి గైర్హాజరు వెయ్యరు, ఓ.డి. అని వేస్తారు, అది హాజరు కిందే లెక్క.

సరోజ కలం కింద పెట్టింది.

"బడి రిజిస్టర్లో ఓ.డి. అంటే బడి పని మీద వెళ్ళారని కదండీ నాన్నగారూ?"

"అవును."

"ఇది ఇంటి రిజిస్టరు కదండీ. ఇంటి పని మీద వెళ్ళి ఉంటేనే కదా ఓ.డి. వెయ్యాలి?"

నేను దీపం వత్తి సరిచేశాను.

"అమ్మ పోయిన రోజు మీకు బడి రిజిస్టర్లో ఓ.డి. ఉంది. నేను చూశాను" అంది. ఎత్తిపొడుపు కాదు. ఉన్న విషయం చెప్పింది.

ఆ రోజు నేను ఏలూరులో ఉన్నాను. మూడు నెలల హాజరు లెక్కల రిటర్ను మిషన్ మేనేజరు దొరగారి ఆఫీసులో ఇచ్చి రావాలి. మాణిక్యానికి జ్వరం నాలుగు రోజులుగా ఉంది. కొంచెం తగ్గిందనే అనుకున్నాం. రిటర్ను ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది. గుమస్తా భోజనానికి వెళ్ళాడు, అతని కోసం రెండు గంటలు కూర్చున్నాను. పడవ దిగేసరికి మా ఇంట్లో దీపం కనకమ్మ పెట్టింది.

ఓ.డి. పద్ధతి నేను ఉపసంహరించుకున్నాను.

అక్టోబరు మొదట్లో షంషుద్దీన్ మేష్టారిని సలహా అడిగాను. ఆయన ఏలూరు తివాచీల వాళ్ళింటి మనిషి. ఇక్కడ భార్య నఫీసాతో రేవుగట్టు మీద ఇంట్లో ఉంటారు. నాలుగున్నరకి గంట మోగితే, ఆ మోత ఆగేలోపు ఆయన గట్టు మీద ఉంటారు. ఇన్నేళ్ళలో అది నాకు లోపంగానే కనిపించింది.

"మీరు అంత తొందరగా ఎలా వెళ్తారండీ మేష్టారూ?"

"నడిచేనండీ" అన్నారు.

"పని మిగిలిపోదాండీ?"

"మిగులుతుందండీ. మర్నాటికి అక్కడే ఉంటుంది. ఎవరూ ఎత్తుకుపోరు. నేను చూశాను."

"మీరు వెళ్ళాక ఎవరైనా వస్తే?"

"మీరుంటారు కదండీ."

అది నిజమే. నేను వెళ్ళాక ఎవరుంటారన్నది నా చిక్కు. అయినా ప్రయత్నించాను. అక్టోబరులో గంట కొట్టి, రాని పిల్లల పాకలు అయిదుంటే రెండింటికి మాత్రమే వెళ్ళి, దీపాలవేళకి ఇంటికి రావడం మొదలుపెట్టాను. నాతోపాటు మనుషులూ వచ్చేవారు. అర్జీ కాగితం పట్టుకుని ఒకరు, మనియార్డరు గురించి ఒకరు, క్వినైను కోసం ఒకరు. వాళ్ళు వెళ్ళాక రిటర్నులు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. సరోజ ఎదురుగా కూర్చునేది. ఒకరోజు అది ఏదో రెండుసార్లు అడిగింది. నేను కాగితం మీద నుంచి తలెత్తకుండా "లేచి నిలబడి అడుగు" అన్నాను. అది లేచి నిలబడింది. ఏం అడిగిందో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

"నాన్నగారూ, క్లాసుకొచ్చి నిద్రపోయేవాడికి హాజరు వేస్తారా?" అని ఇంకోరోజు అడిగింది.

"వెయ్యాలి. బెంచీ మీద ఉన్నాడు కదా."

"సరేనండీ" అని గీత వేసింది.

అక్టోబరులో ముప్పై ఒకటికి ఇరవై రెండు వచ్చాయి. నెలాఖరున మొత్తం వేసి, కింద సంతకం పెట్టాను. పద్ధతి కుదిరిందనుకున్నాను.

నవంబరులో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వస్తారని కబురు వచ్చింది. వస్తారన్నది ఖాయం, ఎప్పుడన్నది తెలియదు. పడిపోయిన గోడ చోట తాటాకు దడి కట్టించాను. పటాలకు కొత్త తాళ్ళు వేశాను. హాజరు పెంచడానికి మళ్ళీ అన్ని పాకలకూ తిరిగాను. ఆయన ఇరవై ఆరో తారీఖున వచ్చి, నలభై నిమిషాలు ఉండి, హాజరు మెచ్చుకుని, నాలుగో గోడ ఎక్కడని అడిగి వెళ్ళిపోయారు. ఆ నెల పంతొమ్మిది గీతలు వచ్చాయి.

మూడు నెలలకు కలిపి యాభై రెండు. తొంభై ఒకటికి యాభై రెండంటే నూటికి యాభై ఏడు. ముప్పయ్యో తారీఖున సరోజ ఎదురుగానే లెక్క వేశాను. అది తప్పొప్పులు చూసింది. తప్పు లేదు.

"అమ్మమ్మ ఎప్పుడొస్తుందండీ?" అంది.

"శనివారం అని రాశారు."

మణెమ్మగారు బుధవారమే వచ్చారు. మధ్యాహ్నం బడిలో ఉండగా కనకమ్మ వచ్చి చెప్పింది. చెప్పకుండా వచ్చే తనిఖీలు నాకు కొత్త కాదు. తరగతి షంషుద్దీన్ మేష్టారికి అప్పగించి ఇంటికి వెళ్ళాను.

ఆవిడ చాప మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం మీద వేలు జరుపుతూ రిజిస్టరు చూస్తున్నారు. సరోజ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఇన్‌స్పెక్షన్ రోజున పిల్లలు నిలబడినట్టు.

"బాగుందండీ అల్లుడుగారూ" అన్నారు. "డెబ్బై ఎనిమిది. పన్నెండణాలు దాటింది."

పుస్తకం తీసుకుని చూశాను. చూడటానికి ఒక్క నిమిషం పట్టలేదు. తొంభై ఒక్క రోజులూ ఒకే సిరా, ఒకే పాళీ, ఒకే వాలు. అక్టోబరు మూడో వారంలో పైకప్పు కారి అసలు రిజిస్టరులో రెండు పేజీలు ముడతలు పడ్డాయి. ఇందులో ముడత లేదు. అన్నీ గీతలే వేస్తే ఎవరూ నమ్మరని సరోజ సున్నలు పదమూడు ఉంచింది. వాటిని మూడు నెలల్లో సమంగా పంచింది. ఆదివారాల్లో సున్న ఒక్కటీ వెయ్యలేదు. షంషుద్దీన్ మేష్టారి పనికంటే చాలా మెరుగ్గా ఉంది.

రిమార్కుల గడి మొత్తం ఖాళీ. నెలాఖరుల్లో నా సంతకాలు లేవు. అంతవరకు అది వెళ్ళలేదు.

"అడుగున సంతకాలు మరిచిపోయినట్టున్నారు" అన్నారు మణెమ్మగారు. "పెట్టెయ్యండి, అయిపోతుంది. నేను రేపటి పడవకి వెళ్ళిపోతాను."

సరోజ వెళ్ళి కలం, సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టింది. దాని చూపుడువేలికి సిరా ఇంకా ఉంది. నా ముఖం వంక చూడలేదు.

ఇరవై ఏళ్ళ నౌకరీలో నేను వేల సంతకాలు పెట్టాను. దేనివల్ల ఎవరికి ఏమవుతుందో చాలావాటి విషయంలో నాకు తెలియదు. ఇది మాత్రం స్పష్టంగా ఉంది. మూడు సంతకాలు పెడితే సరోజ ఉంటుంది, పెట్టకపోతే వెళ్ళిపోతుంది.

కలం ముంచాను. సిరా ఆరిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.

"ఇది నిజం కాదండీ అత్తయ్యగారూ" అన్నాను. "యాభై రెండే వచ్చాయి."

"నాన్నగారూ" అంది సరోజ.

మణెమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "తెలుసండీ. పాతికేళ్ళు నేనూ విజిట్ పుస్తకం రాసినదాన్నే కదండీ. ఏ రోజు ఏ గడపకెళ్ళి వాక్యం చెప్పామో ఆ రోజే రాయాలి. శనివారం సాయంత్రం కూర్చుని వారమంతా రాసేదాన్ని. ఇలాగే ఉండేది, ముత్యాల్లాగ."

"తెలిసి సంతకం ఎందుకు పెట్టమన్నారండీ?"

"పెడతారేమో చూద్దామని."

"పెడితే?"

"పిల్లని తీసుకెళ్ళేదాన్ని."

"పెట్టలేదు కదండీ."

"అయినా తీసుకెళ్తానండీ. మాట మాటే కదా. ఏదీ, అసలు పుస్తకం ఎక్కడుందే? చించేశావా?"

"లేదు. రిజిస్టర్లు అయిదేళ్ళు ఉంచాలమ్మమ్మా" అని సరోజ బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది.

ఆవిడ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. హాజరు గడి వదిలేసి రిమార్కుల గడి మీద వేలు పెట్టి, పైకే చదవడం మొదలుపెట్టారు. ఆ గడి గీసింది నేనే. బడి రిజిస్టర్లో అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నెలనెలా మొత్తం చూసి సంతకం పెట్టానే గాని, అందులో ఏదైనా రాసి ఉంటుందని నాకు తోచలేదు. పెన్సిలుతో సన్నగా రాసింది.

"'పోస్టు పడవ.' 'పాకలు.' 'పాకలు.' 'తెలియదు.' 'వాన.' 'తెలియదు.' ఇవి రాని రోజులవి. వచ్చిన రోజులవి ఇవిగో. 'వచ్చారు, రాసుకున్నారు.' 'వచ్చారు, రాసుకున్నారు.' 'వచ్చారు, లేచి నిలబడమన్నారు.' 'వచ్చారు, అమ్మ దువ్వెన ఎక్కడుందని అడిగారు, చెప్పాను, తియ్యలేదు.' 'వచ్చారు, నేను ఏడ్చాను, చూడలేదు.' 'వచ్చారు, రాసుకున్నారు.' 'వచ్చారు, జడ వేశారు, ఊడిపోయింది.' 'వచ్చారు, అన్నం తినలేదు, నేను తిన్నానా అని అడిగారు.'"

అక్కడ ఆగారు. పేజీ తిప్పలేదు.

"అల్లుడుగారూ, యాభై రెండు రోజులు వచ్చారు. వాటిలో నిజంగా వచ్చినవి ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి."

పుస్తకం తీసుకుని లెక్కపెట్టాను. జడతో కలిపి తొమ్మిది.

"తొమ్మిదండీ."

"అణాన్నర" అన్నారు.

"తనిఖీలో తప్పిన బడిని ఒక్కసారిగా మూసెయ్యరండీ" అన్నాను. "లోపాలు రాసి, ఆరు నెలలు గడువిస్తారు. మళ్ళీ వచ్చి చూస్తారు."

"బడికి ఇస్తారండీ. బడికి ఆరు నెలల్లో ఏం కాదు. పిల్ల అలా కాదు కదండీ."

నా దగ్గర ఇంకో నియమం లేదు. సరోజ ట్రంకు పెట్టె వంక చూస్తోంది.

"నేను వెళ్ళిపోతే రిజిస్టరు ఎవరు రాస్తారమ్మమ్మా?" అంది.

"మీ నాన్న రాసుకుంటారు."

"ఆయన రాయలేరు. ఆయనకు కనపడదు."

నేను లేచి, మేకుకున్న తాళాల గుత్తి తీసుకుని బడికి వెళ్ళాను. నాలుగుంపావు అయింది. షంషుద్దీన్ మేష్టారు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ సంచి సర్దుకుంటున్నారు.

"మేష్టారూ, హెడ్మాస్టరు పని మీరు తీసుకోండి" అని గుత్తి బల్ల మీద పెట్టాను.

ఆయన గుత్తిని ముట్టుకోలేదు. "వద్దండీ. నాకు ఇల్లుందండీ."

"నాకూ ఉందండీ."

"ఎప్పట్నించండీ?" అన్నారు. అని, నా ముఖం చూసి సంచి కింద పెట్టారు. "తప్పుగా అనుకోకండి హెడ్మాస్టారూ. నోటికొచ్చింది. ఏవైంది?"

చెప్పాను. పూర్తిగా చెప్పాను. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"పోస్టాఫీసు నాకివ్వండి" అన్నారు చివరికి. "పడవ వస్తే మా ఇంటి ముందే ఆగాలి ఎలాగూ. నఫీసాకి ఎవరికి ఏ ఉత్తరం వచ్చిందో తెలియకపోతే తోచదు. క్వినైను కూడా ఇవ్వండి. హెడ్మాస్టరీ మాత్రం వద్దు. సాయంత్రం పాకలకి దోనె వెయ్యడమూ వద్దు, నాకు ఈత రాదు."

"సాయంత్రం దోనె మానేస్తున్నానండీ. పొద్దుటిది ఒక్కటే."

"హాజరు పడిపోతుందండీ."

"పడుతుంది."

"ఏలూరువాళ్ళు అడుగుతారు."

"అడుగుతారు."

ఆయన పోస్టు తాళం ఒక్కటి గుత్తిలోంచి తీసుకున్నారు. నేను బీరువా తెరిచి లాగ్‌బుక్కు తీశాను. బడిలో జరిగిన ముఖ్య విషయాలు హెడ్మాస్టరు అందులో రాయాలి. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, చించడానికి వీల్లేదు. దాన్ని ఇన్‌స్పెక్టరూ చూస్తారు, మేనేజరు దొరగారూ చూస్తారు. ఇలా రాశాను:

"2-12-1936. ఈ దినము నుండి హెడ్మాస్టరు బడి విడిచిన గంటకు ఇంటికి పోవును. రాని పిల్లల ఇండ్లకు సాయంత్రము పోవుట నిలిపివేయడమైనది. దీనివలన హాజరు తగ్గును. కారణము: హెడ్మాస్టరుకు ఇల్లు కలదు."

సంతకం పెట్టాను. గంట కొట్టి, లాగ్‌బుక్కు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. బడి రికార్డు ఇంటికి తీసుకుపోవడం కూడా నియమానికి విరుద్ధమే.

మణెమ్మగారు వేలు పెట్టి చదివారు. రెండుసార్లు చదివారు.

"ఇది దొరగారు చూస్తారాండీ?"

"చూస్తారండీ."

"తిడతారా?"

"తిడతారండీ."

"గ్రాంటు తగ్గుతుందా?"

"తగ్గొచ్చండీ."

"అయితే సరే" అన్నారు. పుస్తకం మూసి నా చేతికిచ్చి, సరోజతో, "పెట్టె మంచం కిందికి తొయ్యవే, కాళ్ళకి తగుల్తోంది" అన్నారు.

గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, నావైపు చూడకుండా ఇంకొక మాట చెప్పారు. "ఈస్టరుకి ముందు వస్తానండీ. ఉత్తరం రాయను."

గురువారం పడవకి ఒక్కరే వెళ్ళారు.

నేను సాయంత్రాలు పాకలకి రావడం లేదన్న సంగతి రెండు రోజుల్లో లంకలన్నిటికీ తెలిసింది. సోమవారం బడి విడిచి ఇంటికి వచ్చేసరికి ఏసుబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుండలో బతికున్న కొరమీను తెచ్చాడు. మోచేతి పొడవుంది.

"ఎందుకు ఏసుబాబూ ఇది?"

"ఊరికేనండీ. సాయంత్రాలు మీరు రావట్లేదని తెలిసిందండీ. మీకూ కాస్త సుఖంగా ఉండాలి కదండీ" అన్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. కుండ దించి వెళ్ళిపోయాడు.

చేప విషయం మాణిక్యం చూసుకునేది. నేనూ సరోజా కుండకి చెరో పక్క కూర్చున్నాం. అయిదయింది. దీపాలవేళకి ఇంకా గంట ఉంది. చెయ్యి పెట్టాను. అది జారి అరుగు మీద పడి, అక్కడి నుంచి వాకిట్లోకి వెళ్ళింది. సరోజ దాని వెనక, నేను సరోజ వెనక వెళ్ళాం. మూడుసార్లు పట్టుకున్నాను, మూడుసార్లూ జారింది. దడి మీద నుంచి కనకమ్మ చూస్తోంది.

"హెడ్మాస్టారండీ! బూడిద పట్టించుకుని పట్టాలండీ చేతికి! అది స్లేటు కాదండీ!"

సరోజ నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం నేను వినలేదు. బహుశా నేను లేనప్పుడు నవ్విందేమో, తెలియదు. పొయ్యిలోంచి బూడిద నేను తెచ్చాను, చేపని అది పట్టుకుంది. కోయడం కనకమ్మ నేర్పింది. చింతపండు ఎంత వెయ్యాలో నాకు తెలియదు, దానికి కొంచెం తెలుసు. కూర ఉప్పగా వచ్చింది. ఇద్దరం రెండేసిసార్లు వడ్డించుకున్నాం.

మర్నాడు పొద్దున దోనె వేసుకుని వెళితే ఏసుబాబు పాకలో ఎవరూ లేరు. ముందురోజు రాత్రే వలలూ పిల్లల్నీ తీసుకుని చేపలకి వెళ్ళిపోయారట. పిల్లలు ముగ్గురికీ సున్నలు వేశాను. నాలుగున్నరకి గంట కొట్టి ఇంటికి వెళ్ళాను.